గొట్టాలు పగిలే చలిలో తాగునీరు

1784–85 చలికాలంలో కెనడాలోని క్విబెక్ నగరంలో ఎడ్వర్డ్ విలియమ్స్ అనే బ్రిటిష్ ఫిరంగి దళపు మేజరు ఒక చిత్రమైన ప్రయోగం చేశాడు. ఇనుప బాంబు గుండ్లలో మందుకు బదులు నీళ్లు నింపాడు. ఒత్తి పెట్టే రంధ్రంలో ఇనుప బిరడాను దిగగొట్టి, వాటిని ఆరుబయట చలిలో వదిలేశాడు. ఒక గుండు తన బిరడాను 415 అడుగుల దూరానికి విసిరికొట్టింది. ఆ రంధ్రంలోంచి 8 అంగుళాల పొడవున మంచుగడ్డ కడ్డీలా పొడుచుకువచ్చింది. బిరడా గట్టిగా నిలబడిన మరో గుండు తానే పగిలింది. పగుల్లోంచి మంచు పలకలా బయటికి వచ్చింది. నిప్పు లేదు, మందుగుండు లేదు. నీరూ చలీ కలిసి చేసిన పని ఇది!

అప్పటికే ఈ సంగతి యూరప్‌కు కొత్త కాదు. 1657లో ఫ్లారెన్స్‌లో ఏర్పడిన ప్రయోగాల అకాడమీ సభ్యులు లోహపు గోళాలను నీటితో నింపి, గడ్డకట్టించి, అవి చీలడం చూశారు. 1667లో హాలండు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ నీరు నింపి మూసిన తుపాకి గొట్టాన్ని చలిలో ఉంచితే అది పగిలిపోయింది. ఫ్రీజరులో నిండు గాజు సీసా పెట్టి మరచిపోయినవారు ఎవరైనా ఇదే ప్రయోగం చేసినట్టే.

దాదాపు అన్ని ద్రవాలూ గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతాయి. నీరు అలా కాదు. 4 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కుంచించుకుని, అక్కడినుంచి చల్లబడేకొద్దీ కొద్దికొద్దిగా వ్యాకోచిస్తుంది. గడ్డకట్టే క్షణంలో ఒక్కసారిగా సుమారు 9 శాతం పెరుగుతుంది. మంచులో ప్రతి నీటి అణువూ చుట్టూ నాలుగు అణువులతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకుంటుంది. ఆ అమరికలో మధ్యమధ్య ఖాళీ మిగిలిపోవడమే ఈ పెరుగుదలకు కారణం. పెరగడానికి చోటు లేకపోతే ఒత్తిడి పుడుతుంది. పూర్తిగా మూసిన పాత్రలో సున్నాకు దిగువన ఒక్కొక్క డిగ్రీకి ఈ ఒత్తిడి దాదాపు 130 వాతావరణాల చొప్పున పెరుగుతుంది. మైనస్ 5 డిగ్రీలు అంత భయంకరమైన చలి కాదు గాని, అక్కడికే అది 600 వాతావరణాలు దాటుతుంది. ఏ కుళాయి తట్టుకుంటుంది?

పగిలేది మంచు దగ్గర కాదు

గొట్టం మంచు కట్టినచోటే పగులుతుందని చాలామంది అనుకుంటారు. అది తరచు నిజం కాదు. గొట్టంలో ఒకచోట ఐసు బిరడాలా అడ్డంపడి, గొట్టం పొడవునా పెరుగుతూ, తనకూ మూసిన కుళాయికీ మధ్య చిక్కిన నీటిని నొక్కుతుంది. ఇంకా గడ్డకట్టని ఆ నీటిలోనే ఒత్తిడి పేరుకుంటుంది. గొట్టం పగిలేదీ అక్కడే. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ భవన పరిశోధక మండలి 1990లలో ఇళ్లలోని గొట్టాలపై ప్రయోగాలు చేసి ఈ విషయాన్ని స్పష్టం చేసింది. చలికి రక్షణ లేని అటకల్లోని గొట్టాలకు ప్రమాదం మొదలయ్యేది బయటి ఉష్ణోగ్రత సుమారు మైనస్ 7 డిగ్రీలకు పడిపోయినప్పుడని కూడా ఆ ప్రయోగాలు తేల్చాయి. చలి రాత్రి కుళాయిని సన్నధారగా వదిలేయమని పెద్దవాళ్లు చెప్పే సలహాలోని కిటుకు ఇక్కడుంది. ధార నీటిని గడ్డకట్టకుండా పూర్తిగా ఆపలేకపోవచ్చు. కాని చిక్కిన నీటికి బయటపడే దారి ఇస్తుంది.

చక్రాల మీద ఇల్లు

భూమిలో పాతిన గొట్టానికి ఒక అండ ఉంది. చలి నేలలోకి దిగే లోతు ఒక్కో ప్రాంతంలో ఒక్కో విధంగా ఉంటుంది. ఆ లోతుకు దిగువన గొట్టం వేస్తే నేలే దుప్పటిలా కాపాడుతుంది. కాని ఇల్లే చక్రాల మీద ఉంటే?

విహారం కోసమే ప్రత్యేకంగా కట్టించిన తొలి కేరవాన్‌గా ‘వాండరర్’ను చెబుతారు. నౌకాదళంలో వైద్యుడిగా చేసి విరమించిన గోర్డన్ స్టేబుల్స్ 1885లో దాన్ని గుర్రాలతో లాగించుకుంటూ బ్రిటన్‌లో యాత్ర చేశాడు. 1910లో అమెరికాలో పియర్స్ యారో కంపెనీ ప్రదర్శించిన మోటారు బండిలో డ్రైవరు సీటు వెనక మడిచిపెట్టే సింకు ఉండేది. 1936లో వచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిపర్ తనతోపాటు నీటి నిల్వనూ విద్యుద్దీపాలనూ మోసుకెళ్లింది. అక్కడినుంచి కేరవాన్ నిజమైన ఇల్లయింది. ఇంటితోపాటు ఇంటి కష్టాలూ వచ్చాయి.

నేటి కేరవాన్‌లో మంచినీటి ట్యాంకు, 12 వోల్టుల పంపు, గీజరు, సన్నని గొట్టాలు, సింకు, షవరు, మరుగుదొడ్డి, మురుగునీటి ట్యాంకులు ఉంటాయి. చాలా భాగం నేల కింద, గాలి తగిలేచోట ఉంటుంది. గొట్టాలు సన్నవి కాబట్టి వాటిలోని కొద్దిపాటి నీరు ఇట్టే చల్లబడుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు యజమాని లేకపోవడం. ఉత్తర అమెరికాలో అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా బండి పెరట్లో పడివుంటుంది. పగులు జనవరిలో వస్తుంది, కారడం ఏప్రిల్‌లో తెలుస్తుంది. వేసవి సెలవుల్లో ఇలాంటి బండి అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ చూసివచ్చే తెలుగు కుటుంబాలకు ఈ బాధ తెలియదు. అది అద్దెకిచ్చినవాడి తలనొప్పి. సొంత బండి కొన్నవారికి మాత్రం మొదటి చలికాలమే పాఠం చెబుతుంది.

ఇటీవలి బండ్లలో అడ్డబంధాలు వేసిన పాలిథిలీన్ గొట్టాలు వాడుతున్నారు. ఇవి కొంత సాగి, మంచు కరిగాక మళ్లీ సర్దుకుంటాయి. కాని పంపు తల, కుళాయి లోపలి భాగం, అతుకులు సాగవు. పగులు గొట్టం వదిలి అక్కడికి పోతుంది, అంతే తేడా.

ఖాళీ చేయడం, కదిలించడం, వెచ్చబెట్టడం

నీరే లేకపోతే గడ్డకట్టేదేముంది? తొలినాళ్ల కార్ల యజమానులు చలి రాత్రుల్లో రేడియేటరు నీటిని కింద వదిలేసి, పొద్దున్నే వేడినీళ్లు పోసుకునేవారు. కేరవాన్‌లోనూ మొదటి పని ఇదే. ట్యాంకు, గీజరు ఖాళీ చేసి, మిగిలిన నీటిని గాలి కంప్రెసరుతో ఊదేస్తారు. గాలి ఒత్తిడి మూడు వాతావరణాలు మించితే అతుకులకే ప్రమాదం. ఎంత ఊదినా పంపులోను, ఒకవైపే తెరుచుకునే వాల్వుల్లోను, సింకు కింది వంకీ గొట్టంలోను కొన్ని గుక్కల నీరు మిగిలే ఉంటుంది. ఆ వంకీలో నీరు ఉండి తీరాలి కూడా. లేకపోతే మురుగు ట్యాంకు వాసన లోపలికి వస్తుంది.

నీటిని కదులుతూ ఉంచడం రెండో దారి. లడఖ్‌లో చలికాలంలో గొట్టాలు పగలకుండా కుళాయిలు వదిలేసి ఉంచే అలవాటుంది. వసంతంలో నాట్ల సమయానికి చుక్క దొరకని నీరు చలికాలమంతా ఇలా వృథాగా పోవడం ఛెవాంగ్ నోర్ఫెల్ అనే సివిల్ ఇంజనీరును ఆలోచింపజేసింది. ఆ నీటిని కొండవాలులో నీడన నెమ్మదిగా పారించి, కావాలనే గడ్డకట్టించి నిల్వచేసే కృత్రిమ హిమానీనదాలను ఆయన 1980లలో మొదలుపెట్టాడు. 2015లో ఆయనకు పద్మశ్రీ లభించింది. గొట్టంలో శత్రువైన మంచు గొట్టం బయట పంటకు మిత్రమైందన్నమాట! కేరవాన్‌కు ఈ దారి పనికిరాదు. వదిలేసిన నీరు మురుగు ట్యాంకులో చేరి అక్కడ గడ్డకడుతుంది.

మూడోది వెచ్చబెట్టడం. దీనికి తాజా ఉదాహరణ మన రైల్వేలోనే ఉంది. 2025 జూన్ 6న ప్రారంభమైన కట్రా–శ్రీనగర్ వందేభారత్ రైలు కూడా ఒక రకంగా పెద్ద కేరవానే. తాగడానికి, కడుక్కోవడానికి నీరు మోసుకుంటూ గడ్డకట్టే చలిలో తిరగాలి. అందుకని నీటి ట్యాంకులకు సిలికోన్ వేడి పలకలు, గొట్టాలకు స్వయంనియంత్రిత వేడి కేబుళ్లు అమర్చారు. ఈ కేబులు ముచ్చటైనది. రెండు రాగి తీగల మధ్య కర్బనపు నలుసులు కలిపిన పాలిమర్ ఉంటుంది. చలికి పాలిమర్ కుంచించుకుంటే నలుసులు ఒకదానికొకటి తగిలి కరెంటు పారుతుంది, వేడి పుడుతుంది. వెచ్చబడి వ్యాకోచిస్తే నలుసులు దూరమై కరెంటు తగ్గుతుంది. థర్మోస్టాటు అక్కర్లేదు. తనకెంత వేడి కావాలో కేబులులోని ప్రతి అంగుళమూ తానే నిర్ణయించుకుంటుంది. కాని కరెంటు ఉండాలి. ఆరు నెలలు తాళం వేసిన బండికి కరెంటును నమ్ముకోవడం కష్టం.

ఇక మిగిలింది నాలుగో దారి. నీటిలో ఏదైనా కలపడం. చరిత్రంతా ఇక్కడే ఉంది. ప్రాణాపాయం కూడా.

బ్లాగ్డెన్ లెక్క

ఉప్పునీరు మంచినీటికంటే ఆలస్యంగా గడ్డకడుతుందని నావికులకు ఎప్పటినుంచో తెలుసు. ఎంత ఆలస్యంగా అన్నది కొలిచినవాడు లండన్ రాయల్ సొసైటీ కార్యదర్శి చార్లెస్ బ్లాగ్డెన్. కలిపిన ఉప్పు ఎంత పెరిగితే ఘనీభవన స్థానం అంత అనుపాతంలో తగ్గుతుందని 1788లో ఆయన ప్రకటించాడు. దాదాపు వందేళ్ల తరువాత, 1882లో, ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాన్స్వా రౌల్ దీనికి అణువుల భాష నేర్పాడు. లెక్కలోకి వచ్చేది పదార్థపు బరువు కాదు, కణాల సంఖ్య. కిలో నీటిలో ఏ పదార్థమైనా ఒక మోలు కరిగితే ఘనీభవన స్థానం 1.86 డిగ్రీలు దిగుతుంది. అంటే 342 గ్రాముల పంచదార చేసే పనిని 32 గ్రాముల మిథైల్ ఆల్కహాలు చేస్తుంది. తొలినాళ్లలో కార్ల రేడియేటర్లలో పంచదార, తేనె పోసి చూసినవారు ఉన్నారు. రౌల్ లెక్క చదివుంటే ఆ పని చేసేవారు కాదు.

ఉప్పులు చవకే గాని లోహాన్ని తినేస్తాయి. ఆల్కహాళ్లు బాగానే పనిచేశాయి. కాని మిథైల్ ఆల్కహాలు 65 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. పైగా తాగితే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. గడ్డకట్టకూడదు, మరగకూడదు, తుప్పు పట్టించకూడదు. ఇన్ని షరతులకు తలవంచే ద్రవం కోసం వెతికితే అది ఫ్రాన్స్‌లోని ఒక ప్రయోగశాల పుస్తకంలో దొరికింది. 1850లలో అడాల్ఫ్ వుర్ట్స్ తయారుచేసిన ఆ పదార్థానికి ఆల్కహాలు గుణాలూ గ్లిసరిన్ గుణాలూ ఉండటంతో, ఆ రెండు పేర్లూ కలిపి ఆయన ‘గ్లైకాల్’ అన్నాడు. దాన్నే ఈనాడు ఎథిలీన్ గ్లైకాల్ అంటున్నాం. 1927లో ప్రెస్టోన్ పేరుతో అది అమెరికా మార్కెట్టుకు వచ్చింది. ఇందులో ఒక తమాషా ఉంది. స్వచ్ఛమైన ఎథిలీన్ గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. సగం నీరు కలిపితే మైనస్ 37 దాకా ఆగుతుంది. రెండూ ఒకదాని స్ఫటికానికి మరొకటి అడ్డం!

మనకు చలితో పనిలేకపోయినా ఈ ద్రవం మన ఊళ్లలోనూ ఉంది. విజయవాడ ఎండలో తిరిగే కారు రేడియేటరులోని ‘కూలెంటు’ ఇదే. ఘనీభవన స్థానాన్ని దించినట్టే మరుగు స్థానాన్ని పెంచుతుంది కనుక మనకూ పనికొచ్చింది.

తియ్యని విషం

ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. దాని ప్రమాదంలో సగం ఆ తీపిలోనే ఉంది. అది శరీరంలో చేరాక కాలేయంలోని ఎంజైములు దాన్ని గ్లైకోలిక్ ఆమ్లంగా, చివరకు ఆక్జాలిక్ ఆమ్లంగా మారుస్తాయి. రక్తం ఆమ్లభరితమవుతుంది. ఆక్జాలిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. సుమారు 100 మిల్లీలీటర్లు పెద్దవాళ్ల ప్రాణం తీయవచ్చు. దానికి పాత విరుగుడు మామూలు ఆల్కహాలే. అదే ఎంజైము ఆల్కహాలును ముందుగా అందుకుంటుంది కాబట్టి, ఆ వ్యవధిలో గ్లైకాల్ మారకుండానే మూత్రంలో బయటికి పోతుంది.

రేడియేటరు నీటిని ఎవరూ తాగరు. కాని ఒకే భవనంలో, ఒకే బండిలో వేడి కోసం తిరిగే ద్రవమూ తాగే నీరూ పక్కపక్క గొట్టాల్లో ఉంటే? 1987లో అమెరికాలోని ఉత్తర డకోటాలో అదే జరిగింది. ఒక అగ్నిమాపక కేంద్రంలో జరిగిన విందులో కుళాయి నీటితో పిల్లలకు తియ్యటి పానీయం కలిపి ఇచ్చారు. భవనాన్ని వెచ్చబెట్టే వ్యవస్థలోని యాంటీఫ్రీజ్ ఆ కుళాయి నీటిలో కలిసిందని తరువాత తేలింది. పిల్లలు మత్తుగా తూలుతూ ఆసుపత్రికి చేరారు. పానీయమే తీపి కావడంతో తేడా ఎవరికీ తెలియలేదు.

గ్లైకాళ్లలో రెండో విషం డైఎథిలీన్ గ్లైకాల్. 1937లో అమెరికాలో మాసెంగిల్ కంపెనీ సల్ఫానిలమైడ్ మందును పిల్లలు తాగేందుకు వీలుగా ఇందులో కరిగించి అమ్మింది. ద్రావణిని జంతువుల మీద పరీక్షించలేదు. ఆనాటి చట్టం పరీక్షించమనలేదు కూడా. నూరుమందికి పైగా చనిపోయారు. వారిలో 34 మంది పిల్లలు. మందు మార్కెట్టుకు రాకముందే భద్రత నిరూపించాలన్న 1938 నాటి అమెరికా చట్టానికి ఈ దుర్ఘటనే తక్షణ కారణం.

మూడోది ప్రొపిలీన్ గ్లైకాల్. దీన్నీ వుర్ట్సే 1859లో తయారుచేశాడు. ఎథిలీన్ గ్లైకాల్‌లో రెండు కర్బన పరమాణువులుంటే ఇందులో మూడు. ఆ ఒక్క కర్బనం వల్ల కథ మారిపోయింది. కాలేయం దీన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పరుగెత్తినప్పుడు మన కండరాల్లో పుట్టే ఆమ్లమే కనుక, దాన్ని ఏం చేయాలో శరీరానికి తెలుసు. మితంగా ఆహారంలోను, మందుల్లోను దీన్ని అనుమతిస్తారు. తాగునీటి గొట్టాల్లో వాడదగ్గ గ్లైకాల్ ఇదొక్కటే.

ఈ మూడింటినీ కలిపి ‘గ్లైకాల్’ అని, లేదా ‘యాంటీఫ్రీజ్ రసాయనం’ అని రాసేయడం మన పత్రికలకు అలవాటైపోయింది. అనువాదకుడిగా నాకిది మింగుడుపడదు. పాలకూ సున్నపు నీళ్లకూ ఒకే పేరు పెట్టినట్టుంటుంది. ఈ గందరగోళం పత్రికల్లోనే ఆగితే బాగుండేది. మూడూ రంగులేని, చిక్కని, తియ్యని ద్రవాలే. కల్తీకో, నిర్లక్ష్యానికో ఇంతకంటే వీలు ఏముంటుంది? 1986లో బొంబాయిలోని జె.జె. ఆసుపత్రిలో డైఎథిలీన్ గ్లైకాల్ కలిసిన గ్లిసరిన్ వల్ల 14 మంది రోగులు చనిపోయారు. జస్టిస్ లెంటిన్ కమిషన్ దానిపై విచారణ జరిపింది. 1998లో గుర్‌గావ్‌లోను, 2020 ప్రారంభంలో జమ్మూ ప్రాంతంలోని రామ్‌నగర్‌లోను పిల్లలు దగ్గు మందు తాగి చనిపోయారు. 2022లో మనదేశంలో తయారైన సిరప్‌ల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించేనాటికే గాంబియాలో పదుల సంఖ్యలో పసివాళ్లు పోయారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలోనూ అదే విషాదం. సిరప్‌లో ఉండవలసింది ఔషధ నాణ్యతగల ప్రొపిలీన్ గ్లైకాలో గ్లిసరినో. దానికి బదులు చేరింది, లేదా దానిలో కలిసివచ్చింది, డైఎథిలీన్ గ్లైకాల్. 1937 నాటి పదార్థం, 1937 నాటి మరణాలు.

గులాబీ రంగు ద్రవం

తిరిగి కేరవాన్ దగ్గరికి వస్తే, అమెరికాలో దాని నీటి గొట్టాల కోసం అమ్మే యాంటీఫ్రీజ్ సాధారణంగా గులాబీ రంగులో ఉంటుంది. ఆకుపచ్చ కూలెంటుతో పొరబడకుండా అది తయారీదారులు పాటిస్తున్న ఆనవాయితీ. రంగును నమ్మడం మాత్రం క్షేమం కాదు. కొన్ని కార్ల కూలెంట్లు కూడా గులాబీ రంగువే, అవి ఎథిలీన్ గ్లైకాలే. డబ్బా మీద చూడవలసింది రంగును కాదు, ప్రొపిలీన్ గ్లైకాల్ అన్న మాటను, తాగునీటి వ్యవస్థకు తగినదన్న హామీని. కొన్ని రకాల్లో ఆల్కహాలు కూడా కలుపుతారు. అవి చవక, కాని మంట అంటుకునే స్వభావం ఉంటుంది. రబ్బరు వాషర్లను ఎండబెడతాయని కూడా కొందరు వాటిని ఇష్టపడరు.

డబ్బా మీద ‘మైనస్ 50’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది ఫారన్‌హీట్ లెక్క. మన లెక్కలో మైనస్ 46. అంతవరకు అది ద్రవంగానే ఉంటుందని మాత్రం అర్థం కాదు. మైనస్ 10 ప్రాంతంలోనే అది సగం కరిగిన గోలాలా తయారవుతుంది. ముందుగా నీరు స్ఫటికాలుగా విడిపోతుంది. మిగిలిన ద్రవంలో గ్లైకాల్ పాలు పెరుగుతుంది కాబట్టి అది ఇంకా దిగువన గాని గడ్డకట్టదు. ఇలా మెత్తగా ఉన్నంతకాలం ఆ ముద్ద గొట్టంలో జరగగలదు. గట్టి బిరడాలా అడ్డం పడదు. విలియమ్స్ గుండులో జరిగింది ఇక్కడ జరగకుండా ఆపేది ఆ మెత్తదనమే. డబ్బా మీది అంకె గొట్టం పగలదన్న హామీ మాత్రమే. గొట్టంలో నీళ్లు మిగిలిపోయి ద్రవం పలచబడితే ఆ హామీ కూడా చెల్లదు. అందుకే ముందు ఖాళీ చేసి, తరువాతే నింపాలి.

నింపేముందు గీజరును పక్కదారి వాల్వుతో వేరు చేస్తారు. లేకపోతే ఇరవై లీటర్లకు పైగా ద్రవం అందులోకే పోతుంది. నీటి ఫిల్టరును తీసి పక్కన పెడతారు. దాని బొగ్గు పొడి గ్లైకాల్‌ను పట్టుకుని వదలదు. పంపు మూతిని నేరుగా డబ్బాలో ముంచి, వేడి, చల్లని కుళాయిలు ఒక్కొక్కటే తెరిచి గులాబీ ధార వచ్చేదాకా చూస్తారు. షవరు, మరుగుదొడ్డి వాల్వు మరచిపోయేవారు ఎక్కువ. పగిలేవి అవే. చివరగా సింకుల వంకీ గొట్టాల్లో ఒక గ్లాసుడు పోస్తారు. రెండు మూడు డబ్బాలతో పని అయిపోతుంది. పగిలిన పంపు ఖరీదుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

వసంతంలో ఈ పనంతా వెనకనుంచి మొదలవుతుంది. ట్యాంకు మంచినీటితో నింపి, ప్రతి కుళాయినీ రంగు పోయి, నురగ తగ్గి, తీపి వాసన లేకుండా అయ్యేదాకా వదులుతారు. తరువాత కొద్దిగా క్లోరిన్ బ్లీచి కలిపిన నీటిని గొట్టాల్లో కొన్ని గంటలు నిలవ ఉంచి, దాన్నీ కడిగేస్తారు. ఆరు నెలలు నిలవున్న గొట్టంలో సూక్ష్మజీవులకూ చోటుంటుంది మరి. ఫిల్టరులో కొత్త బొగ్గు గొట్టం వేసి, గీజరును మళ్లీ కలిపేది అన్నిటికంటే ఆఖరున.